ట్యాంకుల దళానికి కంప్యూటర్ సాయం: ఏ రకం ముందు, ఏది తర్వాత

మన సైన్యంలో ట్యాంకు రెజిమెంట్ అంటే 45 ట్యాంకులు. స్క్వాడ్రన్‌కి 14 చొప్పున మూడు స్క్వాడ్రన్లు, రెజిమెంట్ హెడ్‌క్వార్టర్స్ దగ్గర ఇంకో మూడు. టి-90లో కూర్చునేది ముగ్గురే: డ్రైవర్, గన్నర్, కమాండర్. గుండు ఎక్కించే పని యంత్రానిది కాబట్టి నాలుగో మనిషి లేడు. ట్రూప్ లీడర్ అయితే తన ట్యాంకుతో పాటు మరో రెండింటిని నడిపించాలి, లక్ష్యాలు వెతకాలి, పైనుంచి వచ్చే ఆదేశాలు రేడియోలో వినాలి, వాటిని కిందికి చెప్పాలి. ఇదంతా దుమ్ములో, చీకట్లో, కుదుపుల్లో. అలాంటి మనిషి ముందు ఇంకో స్క్రీన్ పెడుతున్నామంటే అది అతని పనిలో కొంత తగ్గించాలి.

ఈ రంగంలో ఉన్న సరుకు చాలా రకాలు. బ్రోచర్లు చదివితే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. చేసే పనిని బట్టి చూస్తే మాత్రం నాలుగు తేలతాయి. మనవాళ్ళు ఎక్కడున్నారో చూపించేవి. నేలని లెక్కగట్టి దారి చెప్పేవి. ఏ లక్ష్యాన్ని ఎవరు కొట్టాలో పంచేవి. ముందు ముందు ఏం జరగొచ్చో ఊహించి ప్లాన్లు సూచించేవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి రెండూ కుదురుగా పనిచేసేదాకా మూడోదాని జోలికి పోకూడదు. నాలుగోది హెడ్‌క్వార్టర్స్‌లో ఉండాల్సిందే తప్ప ట్యాంకులోకి రాకూడదు. రేడియో సంగతి తేల్చకుండా అసలు ఏదీ కొనకూడదు. డిఫెన్స్ స్టార్టప్‌లలో పనిచేసేవాళ్ళు, ఐడెక్స్ ఛాలెంజ్‌లకు (రక్షణ శాఖ స్టార్టప్‌లకు పెట్టే పోటీలకు) దరఖాస్తు పెట్టేవాళ్ళు, ట్రయల్స్‌లో వీటిని బేరీజు వేసేవాళ్ళు నాతో విభేదించవచ్చు. కారణాలు మాత్రం చూడండి.

మనవాళ్ళు ఎక్కడున్నారు?

1991 గల్ఫ్ యుద్ధంలో పోరులో చనిపోయిన అమెరికన్ సైనికుల్లో 35 మంది సొంతవాళ్ళ కాల్పుల్లోనే పోయారు. అంటే దాదాపు నాలుగో వంతు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఆ తర్వాత లెక్క తీస్తే, పూర్తిగా పోయిన అబ్రామ్స్ ట్యాంకులు తొమ్మిది. వాటిలో ఏడు సొంత కాల్పులకే పోయాయి. మిగతా రెండూ శత్రువు చేతికి చిక్కకూడదని వాళ్ళే ధ్వంసం చేసుకున్నవి.

అదే యుద్ధంలో, ఫిబ్రవరి 26న, 73 ఈస్టింగ్ పోరు జరిగింది. చెప్పుకోడానికి ఊరు కూడా లేని ఎడారి కాబట్టి మ్యాప్ మీది నిలువు గీత నెంబరే దానికి పేరయింది. ఇసుక తుఫానులో కెప్టెన్ మెక్‌మాస్టర్ నడిపిన ఈగిల్ ట్రూప్ (అమెరికాలో ట్రూప్ అంటే మన స్క్వాడ్రన్ స్థాయి దళం), తొమ్మిది అబ్రామ్స్ ట్యాంకులతో, 23 నిమిషాల్లో 28 ఇరాక్ ట్యాంకుల్ని పడగొట్టింది. వాళ్ళ దగ్గర నెట్‌వర్క్ స్క్రీన్లేమీ లేవు. థర్మల్ సైట్లు (వేడిని బట్టి చీకట్లోనూ చూపించే గురిదుర్భిణులు), జీపీఎస్, బాగా చేసిన కసరత్తు, ఇంతే.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే కమాండర్ కింద రోజూ కలిసి తిరిగే తొమ్మిది ట్యాంకులకు స్క్రీన్ అవసరం తక్కువ. గొడవంతా రెండు దళాలు కలిసే హద్దు దగ్గర. అక్కడ నీ రేడియో నెట్ వేరు, పక్కవాడి నెట్ వేరు, చీకట్లో థర్మల్ సైట్‌లో రెండూ వేడి మచ్చలే. కాబట్టి ఎవరైనా లొకేషన్ చూపించే వ్యవస్థ డెమో ఇస్తే, సొంత స్క్వాడ్రన్‌ని చూపించినందుకు మురిసిపోకండి. పక్క రెజిమెంట్ ట్యాంకులు, వెంట వచ్చే పదాతి దళం బీఎంపీలు (సైనికుల్ని మోసే కవచ వాహనాలు), రికవరీ వాహనాలు, ఇంజినీర్ల వాహనాలు కనిపిస్తున్నాయా అని అడగండి.

ఈ పాఠం అమెరికాకే ఖరీదుగా వచ్చింది. అబ్రామ్స్‌లో తర్వాతి రకమైన ఎం1ఏ2 ట్యాంకులో పెట్టిన ఐవిస్ అనే తొలి తరం వ్యవస్థ ప్రధానంగా ఎం1ఏ2లు తమలో తాము మాట్లాడుకోడానికే సరిపోయింది. చుట్టూ ఉన్న మిగతా వాహనాలు ఆ బొమ్మలో లేవు. తర్వాత వచ్చిన ఎఫ్‌బీసీబీ2 అనే వ్యవస్థ తొలి రూపాన్ని 1997లో కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఇర్విన్‌లో ఒక బ్రిగేడ్ మొత్తానికి ఇచ్చి పరీక్షించారు. దాని శాటిలైట్ రూపమే బ్లూ ఫోర్స్ ట్రాకర్. 2003లో ఇరాక్‌లోకి వెళ్ళినప్పుడు వెయ్యికి పైగా వాహనాల్లో అది ఉంది. తనవాళ్ళు నీలి గుర్తులు, శత్రువు ఎర్ర గుర్తులు.

ఇక్కడొక తేడా గుర్తు పెట్టుకోవాలి. నీలి గుర్తు జీపీఎస్ నుంచి దానంతట అదే వస్తుంది. ఎర్ర గుర్తుని ఎవరో ఒకరు చూసి, వేలితో కొట్టి పెట్టాలి. ఒకటి తాజాగా ఉంటుంది, రెండోది పాతబడుతుంది. కానీ స్క్రీన్ మీద రెండూ ఒకే మెరుపుతో కనిపిస్తాయి. 2003 ఏప్రిల్ మొదట్లో బాగ్దాద్‌కి నైరుతిన యూఫ్రటీస్ వంతెన పట్టుకున్న అమెరికన్ లెఫ్టినెంట్ కల్నల్ మార్కోన్ దళం తనవాళ్ళందరినీ స్క్రీన్ మీద చూడగలిగింది. ఆ రాత్రి తన మీదికి వస్తున్న ఇరాక్ ఎదురుదాడి ఎంత పెద్దదో మాత్రం ఆ తెర ముందుగా చెప్పలేదు. ఖాళీగా కనిపించే మ్యాప్ అంటే అక్కడ శత్రువు లేడని కాదు, ఎవరూ చూసి నమోదు చేయలేదని. ఆ తేడాని స్క్రీన్ మీదే చూపించే వ్యవస్థకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అంటే మనవాళ్ళ కళ్ళు, కెమెరాలు చూస్తున్న మేర ఒక రంగులో, ఎవరూ చూడని మేర ఇంకో రంగులో ఉండాలి.

గుర్తుల వయసు కూడా అంతే ముఖ్యం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే ట్యాంకు నిమిషానికి దాదాపు 670 మీటర్లు దాటుతుంది. మూడు నిమిషాల పాత గుర్తు అంటే రెండు కిలోమీటర్ల తప్పు. ట్యాంకు గన్‌తో కొట్టే దూరం కూడా ఇంచుమించు అంతే. తొలి తరం శాటిలైట్ ట్రాకర్లలో గుర్తులు నిమిషాల లెక్కన మారేవి, తర్వాతి తరంలో సెకన్ల లెక్కకు దిగాయి. దూరం నుంచి రెజిమెంట్ కదలికని గమనించే అధికారికి నిమిషాల వయసు చాలు. కాల్చాలా వద్దా అని తేల్చుకునే గన్నర్‌కి అది పనికిరాదు, పైగా ప్రమాదం. ఒకే వ్యవస్థని రెండు పనులకీ అమ్మజూస్తే అక్కడే ఆపి అడగాలి. పాతబడ్డ గుర్తు వెలిసిపోవాలి, పక్కన ఎన్ని సెకన్ల కిందటిదో అంకె కనిపించాలి. ఇది చిన్న ఫీచర్‌లా అనిపిస్తుంది కానీ మొత్తం కొనుగోలులో నేను మొదట చూసేది ఇదే.

రేడియో గొట్టం ఎంత లావు?

ఒక లెక్క వేద్దాం. 45 ట్యాంకులూ పది సెకన్లకోసారి తమ స్థానం పంపుతున్నాయి, ఒక్కో సందేశం 100 బైట్లు అనుకుందాం. సెకనుకి 450 బైట్లు, అంటే 3,600 బిట్లు. సెకనుకి 16 వేల బిట్లు మోసే పాత తరహా వీహెచ్ఎఫ్ రేడియోలో, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాల్సిన చోట, మాట కూడా అదే దారిలో పోవాల్సిన చోట, ఇది చిన్న భారం కాదు. ఇప్పుడు ఎవరో 200 కిలోబైట్ల డ్రోన్ ఫొటో పంపారు. అన్నీ సవ్యంగా ఉన్నా అదొక్కటే వంద సెకన్లు దారి మూసేస్తుంది. ఆ వంద సెకన్లలో "ఆగు, అది మనవాడే" అనే మాట వెళ్ళాల్సి వస్తే?

అందుకే సాఫ్ట్‌వేర్ బావుందని, రేడియో సంగతి తర్వాత చూద్దామని అనుకోవడం నేల విడిచి సాము చేయడమే. అడగాల్సింది ఇది: రద్దీ పెరిగినప్పుడు మీ వ్యవస్థ దేన్ని వదిలేస్తుంది? మాట, స్థానం, హెచ్చరిక ముందు, ఫొటోలు చివర అన్న వరస దానంతట అదే పాటించాలి.

జామింగ్ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఉక్రెయిన్‌లో జీపీఎస్, రేడియో రెండూ రోజూ దెబ్బ తింటున్నాయి. జీపీఎస్ పోయినప్పుడు ట్యాంకులోని జడత్వ నావిగేషన్ (బయటి సిగ్నల్ లేకుండా కదలికని బట్టి స్థానం లెక్కగట్టే పరికరం), చక్రాల లెక్క మీద ఎంతసేపు నెట్టుకొస్తుందో, లింకు తెగినప్పుడు ఆఖరి బొమ్మని పాతదని చెప్పి చూపిస్తుందో లేక తాజాదన్నట్టు నిలబెడుతుందో, ట్రయల్‌లోనే తేలాలి.

నేలని చదివే వ్యవస్థలు

నాకు అన్నిటికన్నా తక్కువ అంచనా వేయబడిందని అనిపించేది ఈ రకం. 1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ పోరులో, పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు మన షెర్మన్ల కన్నా ఎంతో కొత్తవి. మనవాళ్ళు కాలవల నీళ్ళు వదిలి చెరకు తోటల్ని బురద చేశారు, గుర్రపు నాడా ఆకారంలో కాపు కాశారు. పాటన్లు దిగబడిపోయాయి. మన లెక్కల ప్రకారం 97 ట్యాంకులు పోయాయి. 1971 డిసెంబర్‌లో లోంగేవాలాలో మళ్ళీ అదే కథ, ఈసారి మెత్తటి ఇసుక. తెల్లవారాక హంటర్ విమానాలు వచ్చేసరికి ట్యాంకులు కదల్లేక దొరికిపోయాయి. రెండు చోట్లా ఓడించినవాటిలో నేల ఒకటి.

ఈ పనిని కంప్యూటర్ నిజంగా బాగా చేయగలదు. ఎత్తుపల్లాల డేటా, మట్టి రకం, వాలు, కాలవలు, వంతెనల బరువు పరిమితి ఇచ్చామంటే ఎక్కడ దిగబడతామో, ఏ గట్టు వెనక నుంచి పోతే శత్రువుకి కనబడమో, ఫలానా తిప్ప మీద నిలబడితే ఎంత మేర కనిపిస్తుందో నిమిషాల్లో చూపిస్తుంది. మనిషి కాగితం మ్యాప్ మీద గంటలు కూర్చుని చేసే పని ఇది. ఇందులో తప్పు జరిగినా బయల్దేరే ముందే దొరుకుతుంది. కాల్పుల మధ్యలో కాదు. లింకు కూడా అక్కర్లేదు, డేటా ట్యాంకులోనే ఉంటుంది. ఖర్చుకి తగ్గ ఫలితం అంటే నేను దీన్నే చూపిస్తాను.

అయితే ఒకటి దగ్గరగా చూడాలి. హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ, కార్టోశాట్-1 ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన ఎత్తుల డేటాని భువన్ పోర్టల్‌లో ఎవరికైనా అందుబాటులో పెట్టింది. సుమారు 30 మీటర్లకో చుక్క. స్టార్టప్‌లు డెమోలు ఇలాంటి డేటాతోనే కడతాయి, తప్పులేదు. కానీ పంజాబ్ సరిహద్దులో ట్యాంకుని ఆపేది కొండ కాదు, కందకం, దాని పక్కన కట్ట. మూడు మీటర్ల ఎత్తు, నాలుగైదు మీటర్ల వెడల్పు ఉండే కట్ట 30 మీటర్ల గడిలో కలిసిపోతుంది. తెర మీద చదునైన పొలం, ఎదురుగా గోడ. మ్యాప్‌లోని ప్రతి గడి ఎంత నమ్మదగిందో, డేటా ఏ సంవత్సరానిదో చూపించని వ్యవస్థ అందమైన రంగులతో తప్పుదారి పట్టిస్తుంది. వానాకాలం డేటా, ఎండాకాలం డేటా వేరు వేరుగా ఉండాలన్నది కూడా మన దగ్గర తప్పనిసరి షరతు.

మందుపాతర్ల పొర ఇంకా కీలకం. 2023 జూన్‌లో జపోరిజియా ప్రాంతంలో ఉక్రెయిన్ లెపర్డ్ 2 ట్యాంకులు, బ్రాడ్లీ కవచ వాహనాలు మందుపాతర్ల పొలంలో ఇరుక్కుపోయిన చిత్రాలు లోకమంతా చూసింది. ముందున్న ట్యాంకు కనిపెట్టిన పాతర వెనకున్నవాడి మ్యాప్‌లోకి ఎన్ని నొక్కుల్లో చేరుతుంది? చలికాలపు గ్లౌజులతో, కుదుపులో, రెండు నొక్కుల కన్నా ఎక్కువైతే ఎవరూ నమోదు చేయరు.

లక్ష్యాలు పంచేవి, ప్లాన్లు చెప్పేవి

2020లో అమెరికా సైన్యం యూమా ఎడారిలో ఫైర్‌స్టార్మ్ అనే వ్యవస్థని పరీక్షించింది. సెన్సర్లు చూసిన లక్ష్యానికి ఏ ఆయుధం సరిపోతుందో అది సూచిస్తుంది. 20 నిమిషాలు పట్టే పని 20 సెకన్లకు వచ్చిందని అధికారులు చెప్పారు. ఆకట్టుకునే వేగమే. ఎక్కువ లక్ష్యాలు ఒకేసారి వచ్చినప్పుడు రెండు ట్యాంకులు ఒకదాన్నే కొట్టి మూడోదాన్ని వదిలేయడం నిజంగా జరిగే పొరపాటే కాబట్టి ఈ రకానికి ఉపయోగం ఉంది.

భయం ఎక్కడంటే, తొందరలో ఉన్న మనిషి యంత్రం చెప్పింది కాదనడు. 2003 మార్చి 23న పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ తిరిగొస్తున్న బ్రిటిష్ టోర్నడో విమానాన్ని శత్రు క్షిపణిగా లెక్కగట్టింది. తేల్చుకోడానికి సిబ్బందికి ఉన్నది సుమారు ఒక్క నిమిషమే. విమానంలోని ఇద్దరూ చనిపోయారు. పేట్రియాట్ ట్యాంకు కాదు, నిజమే. కానీ యంత్రం పేరు పెట్టేసిన లక్ష్యం, గడియారం పరుగు, అలిసిపోయిన మనిషి, ఈ మూడూ ట్యాంకులోనూ ఉంటాయి. అందుకే మనవాళ్ళ స్థానాలు సెకన్ల తాజాదనంతో రానంతవరకు లక్ష్యాలు పంచే వ్యవస్థ వద్దంటాను. కొన్నా సరే, కాల్చే ముందు గన్నర్ సైట్‌లో కళ్ళారా చూసి ఒప్పుకునే మెట్టు తీసేయకూడదు.

చిన్న విషయాలే ప్రాణాలు తీస్తాయనడానికి ఇంకొకటి. 2001 డిసెంబర్ 5న కాందహార్ దగ్గర ఒక అమెరికన్ సైనికుడు బాంబు దాడి కోసం జీపీఎస్ పరికరంలో లక్ష్యం స్థానం తీసుకున్నాడు. మధ్యలో బ్యాటరీ మార్చాడు. పరికరం మళ్ళీ వెలిగినప్పుడు తెర మీదున్నది లక్ష్యం స్థానం కాదు, తన స్థానం. బాంబు వాళ్ళ మీదే పడింది. ముగ్గురు అమెరికన్లు, వాళ్ళతో ఉన్న అఫ్ఘాన్లు చనిపోయారు. కొనేముందు ప్రతి పరికరాన్నీ ఆపి, మళ్ళీ వెలిగించి చూడండి. అది ఏం గుర్తుపెట్టుకుంది, ఏం మర్చిపోయింది?

ఇక ప్లాన్లు ఊహించేవి. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా 2008 ప్రాంతంలో మొదలుపెట్టిన డీప్ గ్రీన్ ప్రాజెక్టు ఉద్దేశం, జరగగల భవిష్యత్తుల్ని ముందే సిమ్యులేట్ చేసి కమాండర్‌కి అందించడం. అది దళాల చేతికి వచ్చే సామగ్రిగా మారలేదు. బ్రిగేడ్ హెడ్‌క్వార్టర్స్‌లో, దాడికి ముందు రాత్రి, "ఇంధనం ఎక్కడ అయిపోతుంది, వంతెన దగ్గర రద్దీ ఎంతసేపు" లాంటి ప్రశ్నలకు ఇలాంటివి మేలు చేస్తాయి. శత్రువు ఏం చేస్తాడన్న ప్రశ్నకి మాత్రం వాటి జవాబుని నమ్మి దళాన్ని నడపకూడదు.

బిగించినదా, టాబ్లెటా?

ఫ్రాన్స్ స్కార్పియన్ కార్యక్రమంలో గ్రిఫాన్, జాగ్వార్, సెర్వల్ వాహనాల్ని, కొత్త రేడియోని, ఎస్ఐసీఎస్ అనే ఒకే సమాచార వ్యవస్థని ఒక ప్రణాళిక కింద కలిపి చేసింది. వాహనంలోని సెన్సర్ చూసింది నేరుగా మ్యాప్‌లోకి వస్తుంది. ఇది ఉత్తమమైన దారి, కానీ కొత్త వాహనాలు కొంటున్న సైన్యానికే. పాత వాహనాల మీద ఇదే ప్రయత్నం ఏళ్ళు తినేస్తుంది. బ్రిటన్ 2017లో మార్ఫియస్ అనే కొత్త సమాచార వ్యవస్థకి ఇచ్చిన ప్రధాన కాంట్రాక్టుని 2023 డిసెంబర్‌లో ముగించేసింది. మన దగ్గర 2015లో బ్యాటిల్‌ఫీల్డ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కోసం బీఈఎల్-రోల్టా, టాటా పవర్-ఎల్ అండ్ టీ జట్లను ఎంచుకున్నారు. 2018లో ఖర్చు చూసి ఆ ప్రాజెక్టునే ఆపేశారు. ఆ తర్వాత 2025 జనవరిలో ‘సంజయ్’ వచ్చింది. అది నిఘా సెన్సర్ల సమాచారాన్ని ఒకచోట చేర్చే వ్యవస్థ. ట్యాంకులో కూర్చున్న కమాండర్‌కి ఉన్న లోటు దానితో పూర్తిగా తీరదు.

ఇంకో దారి ఉక్రెయిన్‌ది. క్రోపివా అనే సాఫ్ట్‌వేర్‌ని 2014 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు మామూలు ఆండ్రాయిడ్ టాబ్లెట్ల మీద కట్టారు. ఫిరంగుల లెక్కలకు మొదలై మ్యాప్, లక్ష్యాల పంపకం దాకా పెరిగింది. అమెరికా వైమానిక దళ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన అటాక్ (ATAK) అనే మ్యాప్ యాప్ కూడా ఆండ్రాయిడ్ మీదే నడుస్తుంది. చవక, వారాల్లో మార్పులు, పాడైతే ఇంకొకటి. లోపాలూ ఉన్నాయి: మే నెల రాజస్థాన్ ఎండలో వేడెక్కి ఆగిపోవడం, ట్యాంకు సెన్సర్లతో కలవకపోవడం, పోగొట్టుకుంటే శత్రువు చేతిలో మొత్తం మ్యాప్ పడటం.

టి-72, టి-90, అర్జున్, మెదక్ ఫ్యాక్టరీలో తయారైన బీఎంపీ-2లు కలిసి తిరిగే మన సైన్యానికి నా సలహా మధ్య దారి. గట్టి టాబ్లెట్, ట్యాంకులో దానికి శాశ్వతమైన స్టాండు, కరెంటు, యాంటెనా, రేడియో కనెక్షన్. డబ్బా మారినా తీగలు మారవు. ఇది అన్ని రకాల వాహనాల్లోనూ ఒకే ఏడాది పెట్టగలగాలి. సగం వాహనాల్లో ఉన్న గొప్ప వ్యవస్థ కన్నా అన్నిట్లో ఉన్న సాదా వ్యవస్థ మేలు, ఎందుకంటే తెర మీద కనిపించని మనవాడు గన్నర్ కంటికి శత్రువులా కనిపిస్తాడు.

పైస్థాయిలో పెట్టే స్క్రీన్ల గురించి ఒక్క మాట. 2006 లెబనాన్ యుద్ధం తర్వాత ఇజ్రాయెల్‌లో కమాండర్లు ముందుకు వెళ్ళకుండా వెనక ప్లాస్మా తెరల ముందు కూర్చున్నారన్న విమర్శ గట్టిగా వచ్చింది. బ్రిగేడ్ నుంచి ఒక్కో ట్యాంకు గుర్తు కనిపిస్తే ఒక్కో ట్యాంకుకీ ఆదేశం ఇవ్వాలనిపిస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ గుర్తులు ట్రూప్‌గా, స్క్వాడ్రన్‌గా కలిసిపోయే ఏర్పాటు అడగండి.

ట్రయల్ ఎలా పెట్టాలన్నది చివరిగా. రాజస్థాన్‌లోని మహాజన్ ఫైరింగ్ రేంజ్ లాంటి చోట కనీసం ఒక స్క్వాడ్రన్, పక్కన వేరే దళం, రాత్రి. కంపెనీ ఇంజినీర్లు ట్యాంకుల దగ్గర ఉండకూడదు. మొదటి రాత్రి అన్నీ పనిచేయనివ్వండి. రెండో రాత్రి చెప్పకుండా జీపీఎస్ తీసేయండి, రేడియోని జామ్ చేయండి, స్క్వాడ్రన్ కమాండర్ స్క్రీన్ ఆపేయండి, రెండో కమాండర్‌కి పగ్గాలు ఎంతసేపట్లో అందాయో చూడండి. పక్క దళం నుంచి రెండు వాహనాల్ని తప్పు దారిలో ఈ స్క్వాడ్రన్ ముందుకి పంపించి, గన్నర్లు ఎన్నిసార్లు ట్రిగ్గర్ దాకా వెళ్ళారో రాసుకోండి. అదే పరీక్ష స్క్రీన్లు లేకుండా కాగితం మ్యాప్, రేడియోతో కూడా చేయించి, ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాయమనండి. స్క్రీన్లున్న రాత్రి అంకె తక్కువగా రాకపోతే, ధర ఎంత తగ్గించినా ఆ వ్యవస్థ కొనకండి.